గుడి పక్కకు జరిగిన పుస్తకం

టేకులపల్లి దాటాక అడవిలోకి వెళ్లే దారిలో, ఓ చిన్న పల్లెలో, నేనొక పెద్దమనిషిని చంపాను. కంగారు పడకండి. చచ్చిన ఆ మధ్యాహ్నమే ఆయన కోడికూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. నా విస్తట్లో మిగిలిన ముక్క కూడా అడిగి తీసుకున్నాడు. నేను వాడింది కత్తీ కాదు, విషమూ కాదు. ఒక్క ఫొటో, దాని కింద నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలతో ఓ పెళ్లి కూడా దాదాపు చెడగొట్టాను. ఆరేళ్లయింది, ఇప్పుడు చెప్పుకుంటే ఎవరూ కొట్టరన్న ధైర్యంతో చెబుతున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. టీవీ సీరియళ్లలో ఇరవయ్యేళ్లు నటించాను. నా పేరు మీకు తెలియదు, మొహం మాత్రం తెలుసు. తలుపు చాటున నిలబడి అందరి మాటలూ వింటూ, అత్తగారి ఆస్తి కాగితాలు మాయం చేసి, దొరికిపోయినప్పుడల్లా కూతురి తల మీద చెయ్యి పెట్టి దొంగ ఒట్టు వేసే పెద్దల్లుడు ఒకడుంటాడు చూశారా, అది నేనే. నలభై ఏడేళ్లు వచ్చేసరికి ఆ తలుపు చాటు మీద విరక్తి పుట్టింది. ఆ వయసులో కొందరు మగవాళ్లకు బీపీ వస్తుంది, కొందరికి షుగరు వస్తుంది. నాకు ఫొటోగ్రఫీ వచ్చింది.

"అయితే ఇక పెళ్లిళ్లు తీస్తారా?" అని అడిగింది మా ఆవిడ, పాపం ఆశగా.

"ఛ! నేను కళాకారుణ్ని. ఫొటోల పుస్తకం వేస్తాను. అడవి, మనుషులు, మౌనం."

"అందులో చదవడానికి ఏముంటుంది?"

"చదవడానికి ఏమీ ఉండదు. టీపాయి మీద పెట్టుకుంటారు."

"మరి టీపాయి ఎవరు తుడుస్తారు?" అంది. కళంటే ఆ ఇంట్లో ఉన్న గౌరవం అదీ.

నేను పుట్టింది ఖమ్మంలోనే కాబట్టి అడవి నాకు దగ్గరే. టేకులపల్లి వైపు తిరుగుతూ తిరుగుతూ సోమయ్య తాతను పట్టాను. ఎనభై దాటిన మనిషి. పొద్దున్నే జొన్న గటక తాగి, విస్తళ్లు కుట్టే అడ్డాకులు కోయడానికి అడవిలోకి వెళితే, ఆకలేస్తే తప్ప ఇల్లు గుర్తు రాదు. ఇంట్లో పెళ్లయినా, చుట్టాలొచ్చినా ఆయన దినచర్య మారదు. నా పుస్తకం అట్ట మీద వేయడానికి ఇంతకంటే మంచి మొహం దొరకదని నిర్ణయించాను.

తాతను ఇంటి గుమ్మంలో కూర్చోబెట్టాను. గుమ్మానికి కట్టిన బంతిపూల తోరణం ఊడి, ఆయన తలకు అటొక కొస, ఇటొక కొస వేలాడుతోంది. ప్రకృతే ఫ్రేము కట్టిచ్చిందని మురిసిపోయాను.

"తాతా, నవ్వకు. దూరంగా చూడు."

"నవ్వకుంటె ఎట్ల సారూ? సచ్చినోళ్ల ఫొటో లెక్క ఉంటది."

"ఇది కళ తాతా. నీకు తెలీదు."

"అవ్, నాకేం తెలుస్తది," అన్నాడు తాత. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చాను. చుట్టూ మందంగా నల్ల అంచు కట్టాను. ఇన్ని చేసినా నా బుర్రకు ఏమీ తట్టలేదు. అంత కళ నిండిపోయిన చోట మామూలు తెలివికి జాగా ఉండదేమో.

ఇక పేరు. మూడు వారాలు గడ్డం గీసుకోకుండా ఆలోచించి పెట్టాను: 'అడవిని విడిచి వెళ్లని మనిషి'. బొటనవేలితో ఫోన్‌లో కొట్టి ఖమ్మంలో ప్రెస్సుకు పంపాను. వాళ్లు అట్ట తయారుచేసి, ఒకసారి చూసి సరే అనమని తిరిగి పంపారు.

ఇక్కడ సీరియల్ రహస్యం ఒకటి చెప్పాలి. మేము డైలాగులు చదవం. కెమెరా వెనక ఒకాయన నిలబడి ఒక్కో ముక్కా చదువుతాడు, మేము విని ఏడుపు కలిపి అప్పజెబుతాం. ఇరవయ్యేళ్లు అలా బతికినవాడికి అక్షరాలు కంటితో చూసే అలవాటు పోతుంది. అందుకని ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి చదవమన్నాను. ఆవిడ పప్పు కలుపుతూ, కళ్లజోడు లేకుండా, అప్పటికి నా నోట వందసార్లు విన్న పేరే కదా అని, "అడవిని విడిచి వెళ్లని మనిషి" అని గడగడా అనేసింది. నేను దాన్ని ఒకసారి గద్గదంగా, ఒకసారి గంభీరంగా చెప్పి చూసుకున్నాను. అద్భుతం అనిపించి సరేనని పంపేశాను.

పుస్తకాలు తయారైన మర్నాడే సోమయ్య తాత ఇంట్లో శుభకార్యం. ఆయన మనవరాలు సుజాత మణుగూరులో దవాఖానాలో నర్సు. సత్తుపల్లి వైపు టీచరు కుర్రాడితో సంబంధం కుదిరింది. ఆరోజు పూలు పండ్లు, అంటే మాట ఖాయం చేసుకోవడం. అంతకు ముందు మూడు సంబంధాలు వచ్చి పోయాయి. సుజాత తన నోటితో తాను సరేనన్నది ఇదొక్కటే. వాళ్ల నాన్న వెంకన్న నాకు ఫోన్ చేసి, "సారూ, మీరు జల్దీ రావాలె, ఫొటోలు మీరే తియ్యాలె," అన్నాడు. నేను కెమెరాతో పాటు రెండు వందల పుస్తకాలు కారులో వేసుకుని వెళ్లాను. ఊరికే ఫొటోలు తీసి వస్తే కళాకారుణ్ని ఎలా అవుతాను? పుస్తకావిష్కరణ కూడా అక్కడే చేయదలిచాను.

మగపెళ్లివారు అప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్లారు. రెండుసార్లూ తాత అడవిలోనే ఉన్నాడు. పెళ్లికొడుకు తల్లి నవ్వుతూనే అడిగింది.

"అన్నయ్యగారూ, ఈసారైనా మీ నాన్నగారిని చూపిస్తారా?"

"వస్తడు చెల్లె, పొద్దెక్కినంక వస్తడు," అన్నాడు వెంకన్న.

సరిగ్గా అప్పుడు నేను లేచాను. ఆవిడ చేతిలో రంగు కాగితం చుట్టిన పుస్తకం పెట్టి, గొంతు సవరించుకుని, సీరియల్‌లో పండగ ఎపిసోడ్లకు వాడే స్వరం తీశాను.

"ఆ పెద్దాయన ఈ క్షణాన మన మధ్య లేకపోవచ్చు. కానీ ఈ పుస్తకంలో ఎప్పటికీ ఉంటారు. విప్పండమ్మా. పేరు గట్టిగా చదవండి."

ఆవిడ కాగితం విప్పింది. నల్ల అంచు, అటూ ఇటూ బంతిపూలు, మధ్యలో నవ్వని తాత. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. కూడబలుక్కుంటూ చదివింది.

"అడవిని... విడిచి... వెళ్లిన... మనిషి."

నేను వినలేదు. వినాల్సిన అవసరం ఏముంది, నాకు తెలిసిన పేరే కదా. చప్పట్లు కొట్టాను. చాలాసేపు నేనొక్కణ్నే కొట్టాను.

"ఎప్పుడండీ?" అంది ఆవిడ మెల్లగా.

పుస్తకం సంగతి అడుగుతోందనుకున్నాను. "నిన్ననేనమ్మా, ఖమ్మంలో. అట్నుంచి అటే కారులో వేసుకుని తెచ్చేశాను. బయట డిక్కీలోనే ఉంచాను."

ఆవిడ కుర్చీ లోంచి లేచింది. పెళ్లికొడుకు తండ్రి కూడా లేచాడు. ఆవిడ పక్కనే కూర్చున్న తాత భార్య ముత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మగారూ, పెద్దాయన...?" అని ఆపేసింది.

"పోయిండు బిడ్డా," అంది ముత్తమ్మ, తమలపాకుకు సున్నం రాసుకుంటూ. "పొద్దుగాల్నే పోయిండు. గటక గూడ సగమే తాగిండు."

"ఈయనేమో నిన్న ఖమ్మంలో అంటున్నాడు, ఆవిడేమో ఇవాళ పొద్దున్న అంటోంది," అన్నాడు పెళ్లికొడుకు తండ్రి. "ఇద్దరూ చెరో మాట చెబుతున్నారంటే ఎప్పుడో జరిగిపోయింది. అందుకే రెండుసార్లు వచ్చినా కనబడలేదు. బావగారని నమ్మాం కదండీ! ఏడాది తిరగని ఇంట్లో శుభకార్యం ఏంటండీ?"

అప్పుడు, దేవుడి దయ వల్ల, ఆ అట్టను నేను మొదటిసారి చదివాను. 'ని' మీద ఉండాల్సిన గుడి ఒక అడుగు ముందుకేసి 'ళ్ల' మీద కూర్చుంది. వెళ్లని మనిషి కాస్తా వెళ్లిన మనిషి అయ్యాడు. గుమ్మం దగ్గర సుజాత నా వంకే చూస్తోంది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అమ్మా, తప్పంతా నాది!" అని అరిచాను. "గుడి పక్కకు జరిగింది!"

"ఏ గుడి? భద్రాచలంలోనా?" అంది ఆవిడ గాభరాగా. వెనక కూర్చున్న ఒక ముసలాయన అప్పటికే రెండు చేతులూ జోడించి, "రామ రామ, గుడి జరిగిందా?" అన్నాడు.

"ఆ గుడి కాదండీ. అక్షరం మీద గుడి. తాత నిక్షేపంగా ఉన్నాడు. కావాలంటే చూడండి, ఈ ఫొటో పోయిన నెలే తీశాను," అంటూ కెమెరా తెరిచి చూపించాను. ఆ కెమెరా కొన్నప్పటి నుంచీ నేను తేదీ సరిచేయలేదు. అది తెర మీద ఎనిమిదేళ్ల కిందటి తేదీ చూపించింది.

"ఎనిమిదేళ్లా!" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

ఇక వేరే దారి లేక, ఇరవయ్యేళ్లుగా నా దగ్గర ఉన్న ఒక్క విద్యా బయటికి తీశాను. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లలో నీళ్లు తెచ్చుకుని, "నా కూతురి మీద ఒట్టమ్మా, ఆయన బతికే ఉన్నాడు!" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి.

"ఎక్కడో చూశాననుకుంటూనే ఉన్నా. నువ్వా! ఆ పెద్దల్లుడివి నువ్వే కదా? ఆ పిల్ల తల మీద ఎన్ని దొంగ ఒట్లు వేశావయ్యా! ఏమండీ, పళ్లేలు సర్దండి, పోదాం."

నటుడిగా ఒక ప్రేక్షకురాలు నన్ను అంత బాగా గుర్తుపట్టింది అదే మొదటిసారి. ఆనందించే వ్యవధి లేదు. వెంకన్న వాళ్లకు అడ్డం పడి, "చెల్లె, ఒక్క గంట ఆగుండ్రి, నీ కాల్మొక్కుత," అంటున్నాడు. సుజాత లోపలికి వెళ్లిపోయింది. పండ్ల పళ్లేలు వాకిలి దాటుతున్నాయి.

ఎదురుగా అడ్డాకుల మోపు ఒకటి వచ్చింది. దాని కింద సోమయ్య తాత.

పెళ్లికొడుకు తల్లి ముందు ఆయన పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసుకుంది. పెళ్లికొడుకు తండ్రి ఎందుకైనా మంచిదని పళ్లేన్ని గుండెకు అడ్డం పెట్టుకున్నాడు. తాత మోపు దించి అందరి మొహాలూ చూశాడు.

"ఏందే, గిట్లున్నరు అందరు? ఎవలు సచ్చిన్రు?"

"నువ్వే," అంది ముత్తమ్మ.

సంగతి చెప్పాం. తాత తేలిగ్గా తీసుకున్నాడు. "సస్తె ఏమాయె, ఏదో ఒకనాడు సచ్చేదే గద," అని మగపెళ్లివారికి దండం పెట్టాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుని నవ్వేసింది. నేనూ ధైర్యం తెచ్చుకుని నవ్వాను. అది తొందరపాటు. తాతకు చదువు రాదు. పుస్తకం చేతికి తీసుకుని, "కింద ఏమని రాసినవ్ సారూ?" అని అడిగాడు. పెళ్లికొడుకు, టీచరు కదా, స్పష్టంగా చదివి వినిపించాడు.

తాత మొహం మాడిపోయింది.

"అడవిని ఇడిసి పోయిన్నా? నేనా? ఎవడన్నడు? ఎన్నడు పోయిన? సచ్చిపోయిండని రాసుకో సారూ, నేనేం అనుకోను. అడవి ఇడిసిపెట్టి పోయిండంటె మాత్రం ఊకోను! నా తోటోళ్లు పట్నం పోయిన్రు, పెద్ద పెద్ద ఊర్లకు పోయిన్రు. నేను పోలే. ఒక్క పూట పోలే. గా తప్పు దిద్దిందాక ఈ ఇంట్ల పూలు లేవు, పండ్లు లేవు."

ఇందాక సంబంధం వద్దని వాళ్లు లేచారు. ఇప్పుడు వద్దని పెద్దాయన కూర్చున్నాడు. ఏ వైపు నుంచి చూసినా కారణం నేనే. డిక్కీలోంచి రెండు వందల పుస్తకాలూ దించి చాపల మీద పరిచాం. సుజాత బ్లేడ్లు తెచ్చింది, టీచరు జేబులోంచి పెన్నులు తీశాడు. ఒకరు గుడి గీకడం, ఒకరు పక్క అక్షరానికి గుడి పెట్టడం. మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ కలిసి నా తెలివిని తిట్టుకుంటూ చుట్టాలైపోయారు. తాత ఒక్కో పుస్తకం తీసుకుని, చూపుడువేలు పెట్టి, "దీనికి గుడి సక్కగ లేదు, మళ్ల పెట్టు," అని వెనక్కి ఇచ్చేవాడు. సుజాతా ఆ కుర్రాడూ ఒకే చాప మీద కూర్చుని యాభై పుస్తకాలు దిద్దారు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది అదే మొదలట. పొద్దు వాలకముందే పూలూ పండ్లూ మార్చుకున్నారు. మూడు నెలల్లో పెళ్లి కూడా అయింది.

ఇక్కడితో అయిపోతే నేను బతికిపోయేవాణ్ని. ఆ పుస్తకం వెనక అట్ట మీద నా ఫొటో ఉంది. కింద గొప్పగా రాసుకున్నాను: 'నటనను విడిచి వెళ్లిన కళాకారుడు'. జన్మలో నేను సరిగ్గా కొట్టిన వాక్యం అదొక్కటే. పెళ్లికొడుకు టీచరు కదా, కనిపించిన చోటల్లా దిద్దేశాడు; అతన్ని చూసి మిగతావాళ్లూ దిద్దేశారు. రెండు వందల పుస్తకాల్లోనూ నేను నటనను విడిచి వెళ్లని కళాకారుణ్ని అయిపోయాను.

నేను పంపిన పుస్తకం చూసి నెల తిరక్కుండానే సీరియల్ వాళ్లు ఫోన్ చేశారు.

"సార్, మీరు నటన మానేశారనుకున్నాం. మానలేదని ఇప్పుడే చదివాం. మంచి తాత వేషం ఉంది."

"తాతా? సరే, ఎన్ని రోజులు?" అన్నాను, కళను గబగబా పక్కన పెట్టి.

"సీరియల్ నడిచినన్నాళ్లూ సార్. మీరు రానక్కర్లేదు. నవ్వని ఫొటో ఒకటి పంపండి, నలుపు తెలుపులో. గోడకు మేకు కొట్టేశాం, దండ కూడా మేమే వేసుకుంటాం."

కొందరు నటులకు అభిమానులు గుళ్లు కడతారట. నాకు ఆ అదృష్టం లేకపోయినా, రెండు వందల అక్షరాలకు అందరితో కలిసి కూర్చుని గుళ్లు కట్టాను, ఒక్కోటీ తాత చేత పరీక్ష చేయించుకుని. కాబట్టి పెద్దలారా, తాత కోసిన అడ్డాకు విస్తరి సాక్షిగా, గోడ మీద దండతో వేలాడుతున్న నా మొహం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఫొటోలు తీస్తాను, పుస్తకాలు వేస్తాను, ఇక ఈ జన్మలో నా చేత్తో ఏ అక్షరానికీ గుడి కట్టను.