నామానికో నొక్కు

ఆ రోజుల్లో నాకు ఇద్దరి మీదే గురి: పైన భగవంతుడు, కింద బరంపురంలో నెట్‌వర్క్ పాఠాలు చెప్పే మా మాస్టారు. ఇద్దరి మాటలూ సగమే అర్థమయ్యేవి కనుక భక్తికి లోటుండేది కాదు. అంతకు ముందటేడు మా భజన మండలి భాగవత సప్తాహానికి వేసిన పందిరి గాలివానకు ఎగిరిపోయి, గజేంద్రమోక్షం మధ్యలో మేమంతా ఏనుగుకన్నా ఎక్కువ తడిశాం. అందుకని ఈసారి పైకప్పున్న హాలే కావాలని తాళాల తాత పట్టుబట్టాడు. (మండలి పెద్ద. తాళాలు ఆయన చేతిలో ఉంటే దేవుడైనా ఆ వేగానికే నడవాలి.) ఆ హాలు వెబ్‌సైట్‌లోనే బుక్ చేయాలి, ముందు దొరకబుచ్చుకున్నవాళ్లదే.

బుకింగ్ తెరిచే రోజు ఉదయం మండలి అంతా ఫోన్లతో కూర్చుంది. ఒక్కడు అడిగితే వినని దేవుడు అందరూ కలిసి అడిగితే వింటాడని మా నమ్మకం. పేజీ తెరుచుకోలేదు. మాస్టారి పాఠం గుర్తొచ్చి అరిచాను.

"తాతా, సైబర్ దాడి! ఎవరో ఒకేసారి మీదపడి తలుపు బాదేస్తున్నారు. ఆ తోపులాటలో మనకి దారి దొరకట్లేదు."

"ఎవుడ్రా ఆడు?"

"తెలీదు. ఎవరో రాక్షసులు!"

"అయితే మనం తగ్గీదేటి? నొక్కండ్రా! నామానికో నొక్కు!"

తాళం పడింది. 'రామ' అంటే నొక్కు, 'కృష్ణ' అంటే నొక్కు. గంజాం చుట్టాలకూ, పొడంపేట మేనత్తకూ ఫోన్ చేసి వాళ్ల చేతా నొక్కించాను. పాపం, ఆ సైట్ కూడా మా పందిరిలాంటిదే, నిలవనే లేదు.

చివరికి పెద్దమ్మ విసుగెత్తి, "సాల్లే, నైవేద్యం సల్లారిపోతంది," అని కర్పూరం వెలిగించింది. హారతికి రెండు చేతులూ కావాలి కదా, అందరూ ఫోన్లు కింద పెట్టారు. నా ఒళ్లోని ఫోన్‌లో పేజీ మెల్లగా విచ్చుకుంది. మా వారం ఖాళీ! హారతి కళ్లకద్దుకోకుండానే నొక్కేశాను.

"దొరికింది తాతా!"

"సూసినావా, కర్పూరం పొగకి రాక్షసులు పారిపోనారు!"

"రాక్షసులం మనమే తాతా. మనం ఆపాకే తెరుచుకుంది."

తాత తాళాలు దించాడు. "అయితే ఏటి? జయవిజయులెవుల్రా? తలుపుకాడ అడ్డంపడి రాక్షసులైనోళ్లు లోపలోళ్లే కాదేటి?"

ఇప్పుడు నా ఉద్యోగమే ఇలాంటి దాడులను ఆపడం. సర్వర్ పడిపోయి అందరూ కీబోర్డుల మీద పడితే, నేను ముందు రెండు చేతులూ జోడిస్తాను. ప్రార్థన అనుకుంటారు పక్కవాళ్లు. కాదు, చేతులు ఊరుకోవడానికి. (సగం ప్రార్థనేలెండి. ఆనాడు తీసుకోని హారతి బాకీ ఉంది కదా.)