తువ్వాలు కింద క్యాపుల బేరం

పీరు సాయిబు జన్మలో ఎప్పుడూ బేరమాడేటప్పుడు ధర నోటితో చెప్పి ఎరగడు. ఒంగోలు చుట్టుపక్కల సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చే దళారి ఆయన. చేతుల మీద తువ్వాలు కప్పి, లోపల వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం ఆ వృత్తిలో రివాజు. వేలికి వెయ్యి, సగం మడిస్తే ఐదొందలు. పక్కవాడికి తెలియకూడదు, అంతే. మిగతా దళారులు ఆ పని సంతలోనే చేస్తారు. పీరు సాయిబు టమాటాలక్కూడా తువ్వాలు తీసేవాడు.

"ఏందయ్యా, కిలో ఆరు రూపాయలని పలక మీద రాశాగా!" అని కొట్టువాడు మొత్తుకునేవాడు.

"రాసింది ఊరికి. నాకెంతో వేళ్లతో చెప్పు."

గాజులమ్మే ఆడమనిషైతే చెయ్యి పట్టుకోకూడదు గదా, పాపం, తువ్వాలు కింద అగ్గిపుల్లలు పేర్చేవాడు.

ప్రతి బేరం చివరా ఒకటే మాట: "సగానికి కొట్టుకొచ్చా!" భార్య లాల్‌బీకి పచ్చ పట్టుచీర తెచ్చినప్పుడూ అదే అన్నాడు. రెండొందలేనట. పక్కింటి పిచ్చమ్మ ఆ కొట్టుకే వెళ్లి, "పీరు సాయిబుకిచ్చిన ధరకే నాకూ ఇవ్వు" అంటే, కొట్టతను కడుపు పట్టుకుని నవ్వాడే తప్ప చీర ఇవ్వలేదు. ఆ కోపం పిచ్చమ్మ లాల్‌బీ మీద చూపించింది.

ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల బేరాలు పడిపోయిన రోజుల్లోనే, వేయించిన శనగలు కొరికి లాల్‌బీ దవడపళ్లు రెండు పగిలాయి. ఒంగోలు పళ్ల డాక్టరు చైతన్యకృష్ణ వాటిల్లో నరం తీసి, పైన తొడుగుల్లాంటి క్యాపులు వెయ్యకపోతే పళ్లు నిలవవన్నాడు. ఆ పని మీదే బస్సులో పోతూ లాల్‌బీ మొగుడి తువ్వాలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టింది.

"రెండింటికీ కలిపి వెయ్యి దాటిందంటే పీకించేసుకుంటా. మెత్తగా వండుకు తింటా. వినపడిందా?"

"నా తువ్వాలుండగా నీకేం భయమే?"

"నా భయమంతా ఆ తువ్వాలు గురించే! డాక్టరుగారికి కోపమొచ్చి గెంటేస్తే?"

పళ్లు పీకిస్తే జొన్నరొట్టెకు దణ్ణం పెట్టాల్సిందే. ఉంచుకుంటే ఇంట్లో ఉన్న నాలుగు డబ్బులకూ దణ్ణం పెట్టాలి. ఒంగోలు వచ్చేదాకా ఆవిడ ఇదే లెక్క వేసుకుంటూ ఉంది.

డాక్టరు కుర్చీ వెనక్కి వాల్చి, నోరు తెరిపించి దూది కుక్కాడు. పీరు కూడా వంగి చూశాడు.

"ఎన్ని ఎడ్ల నోళ్లు తెరిచి చూశానో డాక్టరుగారూ! ఒక్కదాన్నీ ఫీజు అడగలేదు."

డాక్టరు నవ్వాడు. "క్యాపుల్లో రెండు రకాలండీ. స్టీలు రంగువి, పంటిలాగే తెల్లగా ఉండేవి. ఒక్కోటీ..."

"ఆగండాగండి!" తువ్వాలు వెళ్లి డాక్టరు చేతి మీద పడింది.

అయిపోయింది, గెంటేస్తాడు అనుకుని లాల్‌బీ కళ్లు మూసుకుంది.

"మా నాన్న మీ దగ్గరే ఎడ్లు కొన్నాడు సాయిబుగారూ. ఈ లెక్క నాకూ వచ్చు, కానివ్వండి" అన్నాడు డాక్టరు.

లాల్‌బీ కళ్లు తెరిచింది. పడుకున్న చోటి నుంచి తువ్వాలు లోపలి సంగతంతా కనిపిస్తోంది! ఇన్నేళ్ల కాపురంలో ఆ వేళ్ల లెక్క ఆవిడకూ వచ్చేసిందని పీరుకు తెలియదు.

డాక్టరు పీరు వేలు ఒకటి నిండుగా, రెండోది సగానికి మడిచి పట్టుకున్నాడు. పీరు తల అడ్డంగా ఊపి తన ముందుపన్ను చూపించాడు. తెల్లవే కావాలట. డాక్టరు మూడు వేళ్లు పట్టుకున్నాడు.

"అమ్మో! అన్యాయం! తగ్గించాల్సిందే!" గది అదిరేలా కేకేశాడు పీరు.

డాక్టరు జాలిపడి ఒక వేలు వదిలాడు. పీరు ఆ వేలిని మళ్లీ ఆయన గుప్పిట్లో పెట్టాడు.

"ఇంకా తగ్గండి! బీదోళ్లం!"

డాక్టరు అయోమయంగా మళ్లీ వదిలాడు. పీరు మళ్లీ పెట్టాడు. ధర తగ్గితే పెళ్లాం నోట్లో నాసిరకం సరుకు పడుతుందని ఆయన భయం.

"కుదిరింది! ఒకటి నాలుగొందలు, రెండూ ఎనిమిదొందలు! సగానిక్కూడా కాదు, ఇంకా తక్కువకి కొట్టేశా!"

ఎనిమిదొందలా! ఒకటి మూడువేలు, రెండూ ఆరువేలు! లాల్‌బీ అరుద్దామంటే నోటి నిండా దూది.

"ఊఁ... ఊఁ..."

"నొప్పిగా ఉందా అమ్మా? క్యాపులు వేద్దామా, పీకేద్దామా? మీరే చెప్పండి" అన్నాడు డాక్టరు.

తల ఒక్కసారి అడ్డంగా ఊపితే చాలు. ఆరువేలూ మిగులుతాయి, ఒట్టూ నిలుస్తుంది. లాల్‌బీ మొగుడి వంక చూసింది. ఎంత గడుసు రైతు ముందైనా బెదరని మనిషి, తువ్వాలు చివర నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. ఆవిడకు పచ్చ చీర గుర్తొచ్చింది. కొట్టతను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఓరి నీ బేరాలు తగలెయ్య, అనుకుంది.

తల నిలువుగా ఊపి, నోరు ఇంకాస్త పెద్దగా తెరిచింది.

డాక్టరు కొలతలు తీసుకుని పంపించాడు. తిరుగు బస్సులో పీరు ముందు సీటాయనకు తన బేరం గొప్ప చెబుతున్నాడు. లాల్‌బీ పైటకొంగు ఆయన చేతి మీద కప్పి, లోపల మూడు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కింది.

పీరు గబుక్కున ఆవిడ వైపు తిరిగాడు.

"ఒసేయ్, సంతలో తెలిస్తే నా పరువు పోద్దే!" అన్నాడు గొంతు తగ్గించి.

"చెప్పన్లే. అంత డబ్బు ఎట్టా కడతావయ్యా?"

"కుదిరినప్పుడల్లా కొంచెం కొంచెం ఇస్తానన్నా. ఆయనొప్పుకున్నాడు."

"మరి నా పచ్చ చీర నిజంగా ఎంత? వేలికి వంద లెక్కన చెప్పు."

పీరు ఒక చేతి ఐదు వేళ్లూ ఆవిడ గుప్పిట్లో పెట్టాడు. తర్వాత మెల్లగా రెండో చెయ్యి కూడా కొంగు కిందికి దూర్చాడు.