బెల్లం మండీలో మ్యూజియం

నా స్నేహితుడి మ్యూజియానికి మున్సిపాలిటీ నిధులు ఇవ్వబోతోందన్న సంగతి నాకు మొదట చెప్పింది నా భార్య. పొద్దున్నే పేపర్లో చిత్తూరు పేజీ తిరగేస్తూ, "ఇదిగో, మీ దోస్తు ఫోటో పడింది" అని చూపించింది. వాళ్ళ పాత బెల్లం మండీ ముందు తెల్లచొక్కాతో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోటోలో ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో అని నవ్వాను. అది మెచ్చుకోలు కాదు. ఆ పూట నాకు ఇడ్లీ సహించలేదు.

మేమిద్దరం కుర్రతనం నుంచీ పాతసామాన్ల పిచ్చివాళ్ళం. వాళ్ళది పొలాలూ మండీ ఉన్న కుటుంబం. మాది ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పూసే ఇల్లు. ఊళ్ళలోకి స్టీలు వచ్చాక జనం ఇత్తడి సామాన్లను తూకానికి అమ్మేస్తుంటే మా నాయన కొనేవాడు. ఆ చెంబుల అంచుల మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లుండేవి. కూతురికి తల్లి పెట్టినవి, చెల్లెలికి అన్న పెట్టినవి, తెలుగులో కొన్ని, అరవంలో కొన్ని, ఉర్దూలో కొన్ని. వాటిని కరిగించడానికి నాకు మనసొప్పేది కాదు. పేరున్న ప్రతి గిన్నెనూ నాయన దగ్గర అడిగి దాచుకునేవాణ్ణి. నా స్నేహితుడికి నాటకాల పిచ్చి. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఆడేవాళ్ళు వాడి పారేసిన చెక్క కిరీటాలు, భుజకీర్తులు వెతికేవాడు. వాడి మోటారుసైకిలు మీద పలమనేరు, పుంగనూరు, నగరి వైపు తిరిగేవాళ్ళం. వచ్చేటప్పుడు వెనక కూర్చున్న నా ఒళ్ళో ఒక గంగాళమో, అద్దాలు రాలిపోయిన దుర్యోధనుడి కిరీటమో ఉండేది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతున్న రోజుల్లో ఊరికి ఒక మంచి అధికారి వచ్చాడు. ప్రభుత్వ భవనంలో ఒక గది ఇచ్చి, జిల్లా చరిత్ర సామాన్లన్నీ అందులో పెడదామన్నాడు. నేను నా ఇత్తడంతా ఇచ్చేశాను. ప్రజల ఇళ్ళలోంచి వచ్చినవి ప్రజల దగ్గరే ఉండాలని నాకప్పుడు గట్టి నమ్మకం. ఇప్పుడూ ఉంది. నా స్నేహితుడు మాత్రం ఇవ్వలేదు.

"గవర్నమెంటోళ్ళకి ఇచ్చేది, ఏట్లో పారేసేది ఒకటేనప్పా. నా కిరీటాలు నా కాడే ఉండనీ" అన్నాడు.

వాడిది స్వార్థమనుకున్నాను. ఆ అధికారికి బదిలీ అయింది. కొత్తాయన నా గదిలో విరిగిన కుర్చీలు పెట్టించాడు. ఆ తర్వాత ఎన్నికల పెట్టెలు వచ్చాయి, తలుపుకి తాళం పడింది. నేను అడగని ఆఫీసు లేదు. ఒకచోట తాళంచెవి పై అంతస్తులో ఉందన్నారు, పై అంతస్తులో అది కిందనే ఉందన్నారు.

ఈలోగా వాళ్ళ మండీలో వ్యాపారం పడిపోయింది. వాడు గోడలకు సున్నం కొట్టించి, దీపాలు పెట్టించి, మ్యూజియం తెరిచాడు. పిలిచినప్పుడల్లా నేను ఏదో ఒక సాకు చెప్పాను. ఒకసారి మోకాళ్ళ నొప్పి, ఒకసారి బంధువుల పెళ్ళి.

పేపర్లో ఫోటో పడిన రోజే వాడు ఫోన్ చేశాడు.

"పేపరు సూసినావా అప్పా? పైకప్పు పోతా ఉండాది. వానొస్తే కిరీటాల మింద కారతాది. మున్సిపాలిటీవోళ్ళు మీటింగు పెట్టినారు. నువ్వొచ్చి నాలుగు మాటలు సెప్పల్ల. నీ మాటకి ఇలువుండాది."

చూడకుండా ఏం మాట్లాడతానని మర్నాడు వెళ్ళాను. గోడల్లో ఇంకా బెల్లం వాసన ఉంది. ఏర్పేడు నుంచి ఇంజినీరింగు పిల్లలు వచ్చి ఉన్నారు. ఒక్కో కిరీటం మీదా ఒక్కో చిన్న దీపం. మేము గోనెసంచిలో కట్టి తెచ్చిన కిరీటం గాజుపెట్టెలో రాజులా కూర్చుని ఉంది. "దీన్ని నగరి కాడ ఒక పశువుల కొట్టంలో పట్టినాను" అని వాడు పిల్లలకు చెబుతున్నాడు. పట్టినాను అన్నాడు, పట్టినాము అనలేదు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా నా వైపు ఎవరూ అలా చూడలేదు. ఎక్కడైనా దుమ్ము ఉందేమోనని పెట్టెల అంచుల మీద వేలుపెట్టి చూశాను. లేదు. ఒక పలకమీద 'భుజకీర్తులు' అన్న మాటలో అచ్చుతప్పు కనబడింది. అది చూసి కాస్త ఊపిరాడింది.

మీటింగు మున్సిపల్ హాల్లో జరిగింది. వార్డుల నుంచి వచ్చినవాళ్ళు ముందు కూర్చున్నారు. వాడు, వాడి పక్కన కొడుకు. ఆ కొడుకు తిరుపతిలో స్థలాల వ్యాపారం చేస్తాడు. నా వంతు వచ్చింది.

"మ్యూజియం బాగుంది. ఊరికి అవసరం. పైకప్పు వేయించండి" అన్నాను. వాడు తల ఊపాడు. నేను అక్కడ ఆపి కూర్చోవచ్చు. ఆపలేదు. "కానీ ఆ ఇల్లు ఎవరిది? ఆ కిరీటాలు ఎవరివి? ఊరి డబ్బుతో కప్పు వేస్తే, రేపు ఆ కప్పు కింద వస్తువులు అమ్మేయకూడదని రాసివ్వాలి. ఊరి పిల్లలు ఊరికే చూడగలగాలి. అది రాసివ్వకపోతే పైసా ఇవ్వకూడదు."

నేను చెప్పింది న్యాయమే. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతులో ఉన్నది న్యాయం ఒక్కటే కాదు. అది వాడికి తెలిసింది. లేచి నిలబడ్డాడు.

"నువ్వు నీ సామాన్లు గవర్నమెంటుకి ఇచ్చినావు గదా. యాడుండాయప్పా అవి? ఈ హాల్లో ఒక్కరైనా సూసినారా?"

వెనక వరసల్లో కొందరు నవ్వారు.

"తాళం వేసిన గదిలో ఉండాయి" అన్నాను. అప్పటిదాకా పుస్తకాల తెలుగు మాట్లాడినవాణ్ణి, కోపంలో నా భాష నాకొచ్చేసింది. "కానీ ఆ తాళం తియ్యమని అడిగే హక్కు నాకుండాది, నీకుండాది, ఈడ కూసున్న ప్రతి ఒక్కరికీ ఉండాది. రేపు నీ కొడుకు మండీకి తాళమేస్తే ఎవరు పోయి అడగల్ల?"

వాడి కొడుకు ఏదో అనబోయాడు. వాడు చేత్తో ఆపి కూర్చోబెట్టాడు. ముందు వరసలో ఒక ఆడమనిషి, కూరగాయల మార్కెట్ వార్డు నుంచి గెలిచినావిడ, లేచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ ఇద్దరి కొట్లాట తర్వాత. ఆ గది తాళం ముందు తియ్యండయ్యా, ఏముండాదో సూస్తాం" అంది.

తీశారు. కాదు, పగలగొట్టారు. విరిగిన కుర్చీలను చెదపురుగులు తినేశాయి. ఇత్తడి మాత్రం పచ్చబడి, నల్లబడి, అలాగే ఉంది. నేను ఒక చెంబు అంచు తుడుస్తుంటే వాడు వచ్చి నా పక్కన గొంతుకూర్చున్నాడు. మీటింగు తర్వాత మా మధ్య మాటల్లేవు. వాడూ ఒకటి తీసుకుని పైపంచెతో తుడవడం మొదలుపెట్టాడు.

కౌన్సిల్ తేల్చింది ఇది: కప్పుకు డబ్బు ఇస్తారు, వస్తువులు అమ్మనని వాడు రాసివ్వాలి, నా ఇత్తడి ప్రభుత్వ ఆస్తిగానే ఉంటూ మండీలో ప్రదర్శనకు ఉంటుంది. కొడుకుతో కొన్నాళ్ళు గొడవపడి వాడు సంతకం పెట్టాడు. వాడి ఇంట్లో నా గిన్నెలా అని నేనూ కొన్నాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. "ఇన్నేళ్ళు చీకట్లో ఉన్నాయి కదా, ఎవరి దీపమైతే ఏం?" అంది నా భార్య. ఒప్పుకున్నాను.

ఇప్పుడు శుక్రవారాలు నమాజు తర్వాత మండీకి వెళుతుంటాను. మొన్న వెళ్ళేసరికి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడపిల్లలు సెలవు రోజని వచ్చారు. వాళ్ళు కిరీటాలు ఒకసారి చూసి, నేరుగా ఇత్తడి వరసకు వెళ్ళి, వంగి వంగి అంచుల మీద పేర్లు చదువుకుంటున్నారు. ఒక పిల్ల, "మా అవ్వ పేరే" అని అరిచింది. వాళ్ళవ్వది కాకపోవచ్చు, ఆ పేరు చాలామందికి ఉండేది. అయినా అందరూ గుంపుగా చేరి ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు.

నా స్నేహితుడు దీపాల స్విచ్చి దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"నీ చెంబులొచ్చినప్పుట్నుంచి నా దుర్యోధనుడి దిక్కు సూసేవోళ్ళే లేరప్పా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ నాకు ఆ నవ్వు బాగా తెలుసు. పేపర్లో వాడి ఫోటో చూసిన రోజు నేనూ అలాగే నవ్వాను.

ఆ సాయంత్రం నాకెంతో బాగుంది. బయటికి వస్తుంటే ఆ పిల్లలు వాడి చుట్టూ చేరి, "సార్, మాతో ఒక ఫోటో" అని అడుగుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఫోన్ నా చేతికిచ్చి, "తాతా, కాస్త తీస్తారా?" అంది. తీశాను. వాడు ఫోటోలో ఆరోగ్యంగానే ఉన్నాడు.