నోటు మీది పువ్వు, మా వాకిటి ముగ్గు

మా అత్త పోయింది. పొద్దున పాలు కాచి దించి, "కాసేపు నడుం వాలుస్తా అమ్మణ్ణీ" అని లోపలికి వెళ్ళి, మళ్ళీ లేవలేదు. అలిపిరికి నడిచిపోతూ మా వాకిటి ముగ్గు తొక్కకుండా పక్కకు తప్పుకున్న యాత్రికులు ఎందరో. ఆ ముగ్గు ఎవరిదో వాళ్ళకు తెలియదు. చెబుదామనే ఇది రాస్తున్నాను.

మా ఆయన బ్యాంకులో క్యాషియరు. ఒకసారి కొత్త పదిరూపాయల నోటు తెచ్చి ఇస్తే, మా అత్త దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఒకదాంట్లో ఒకటి దూరి అల్లుకున్న సన్నగీతల పువ్వు ఉంటుందే, దాని మీద వేలు పెట్టింది.

"ఇది మెలికల ముగ్గే గదరా! ఎవురో మన పక్క ఆడమనిషే గీసుంటాది."

మా ఆయనకు నవ్వాగలేదు. "ఆడమనిషి కాదమ్మా, మిషను. దొంగనోట్లు కొట్టేవాళ్ళకు ఆ గీత చిక్కకూడదని అట్ల చెక్కుతారు."

"మేం మాత్రం వాకిట్లో ఎందుకేస్తాండామనుకున్యావు? చెడ్డదేదీ లోపలికి రాకూడదనే గదా! గీత యాడ మొదులైందో, యాడ ముగిసిందో తెలీకూడదు. తెలిసిందా, దానికి దోవ దొరికిపోతాది."

ఇంక ఆ నోటు ఖర్చయితే ఒట్టు! పోపులపెట్టెలో చేరి ఇంగువ వాసన పట్టింది. దాని మీది పువ్వు మాత్రం రోజూ మా వాకిట్లో విచ్చేది.

ఒక తడవ కల్లాపి మీద జారి ఆమె కుడిచెయ్యి విరిగింది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. ఎముక అతుక్కుంది గాని మణికట్టు మునుపటిలా తిరగలేదు. ముగ్గుబుట్ట నా చేతికిచ్చి, లోపలికి పోయి ఏడ్చింది. అన్నానికి పిలిచినా రాలేదు. ముగ్గు లేకుండా ఈ మనిషి ఎట్లా బతుకుతుందా అని నాకు భయం వేసింది.

మరునాడు నేను వేశాను. ఆమె అరుగు మీద కూర్చుని, ఎడంచేత్తో నోటు పట్టుకుని ఒకటే తిట్లు. "వంపు, వంపు! ముగ్గేస్తాండావా, రోడ్డేస్తాండావా?" చివరి వంపు ఎటు తిప్పాలో తెలియక ఆగిపోయాను. ఆమె దిగి వచ్చి పిండి అందుకుని, మొండికేసిన ఆ మణికట్టుతోనే గీతను గీతలో కలిపింది. వంకరగానే కలిసింది. అబ్బ, అప్పుడామె ముఖం చూడాలి!

పోనుపోను ఆ ముగ్గు నాకు కళ్ళు మూసుకున్నా వచ్చేది. అయినా చివరి వంపు రోజూ వదిలేసేదాన్ని. "ఇన్నేండ్లాయె, ముగింపు రాదు గదే నీకు!" అని దెప్పుతూ వచ్చి కలిపేది. నేను కావాలనే వదులుతున్నానని తెలుసో తెలియదో, ఎన్నడూ అడగలేదు.

కర్మ అయ్యేదాకా వాకిట్లో ముగ్గు లేదు. నిన్న పొద్దున మళ్ళీ కల్లాపి చల్లి వేశాను. చివరి వంపు దగ్గర అలవాటుగా చెయ్యి ఆగింది. అరుగు వైపు చూశాను. అక్కడ మా మామ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"కలిపెయ్ అమ్మణ్ణీ. దోవ ఇడిసిపెట్నావు."

"ఈ పొద్దుకు ఉండనీ మామా. ఆమె రావాల గదా," అన్నాను.

మామ అరుగు మీద కొంచెం పక్కకు జరిగి కూర్చున్నాడు.