వెనిగర్ వాసన పట్టిన బొమ్మలు

పెట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెకు ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. మైనంతో పన్ను చెక్కి, పక్క పన్నుతో కలిసిపోయేలా పింగాణీకి రంగు పూయడంలో ఆమెదే పైచేయి. కానీ ఆమె ప్రాణమంతా జపాను బొమ్మల సినిమాల్లో, ఆ యానిమేల్లో ఉండేది.

పదకొండో ఏట కామెర్లొచ్చి నెలరోజులు మంచం దిగలేదు. అప్పుడు టీవీలో వచ్చే జపాను బొమ్మల సీరియల్లో ఓ పిల్ల కన్నీటి చుక్క చెంప మీద కాసేపు ఆగి, వణికి, అప్పుడు జారేది.

"బొమ్మ ఏడిస్తే నువ్వెందుకే ఏడుస్తావ్, పిచ్చి మొహమా!" అని అమ్మ నవ్వింది.

ఆ చుక్కను ఎవరో చేత్తో గీశారని తెలిశాక ఆమెకు ఇక వేరే లోకం పట్టలేదు.

ఉద్యోగం వచ్చిన ఏడే మొదటిసారి ఆ బొమ్మల సినిమాల అభిమానులు కలుసుకునే కన్వెన్షన్‌కు వెళ్ళింది. రంగురంగుల విగ్గులు, అట్టముక్కల కత్తులు పట్టుకున్న జనం మధ్య ఓ బస్సు డ్రైవరు పరిచయమయ్యాడు. ఎప్పుడూ ఎర్ర టోపీయే కాబట్టి అందరికీ 'టోపీ'. ఆమెను "పళ్ళ డాక్టరమ్మా" అని పిలిచేవాడు. డాక్టర్ని కాదు మొర్రో అన్నా వినేవాడు కాదు. ఇద్దరూ వెతికేది ఒక్కటే: కంప్యూటర్లు రాకముందు ఆ సినిమాల కోసం పల్చటి ప్లాస్టిక్ రేకుల మీద రంగులేసిన అసలు బొమ్మలు. ఏటా మూడు రోజులు కలిసి తిరిగేవారు. ఫోన్ నంబర్లు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

"అతన్నే చేసుకోవచ్చుగా?" అంది అక్క మొదట్లో ఓసారి.

"మూడు రోజులకు మించితే మాటలు అయిపోతాయేమోనే అక్కా," అని నవ్వేసింది.

ఏళ్ళ తర్వాత ఓ ఆదివారం, అలా కొని దాచుకున్న బొమ్మల బీరువా తెరిస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. రేకులు వంకర తిరిగాయి, రంగులు పెళ్ళలుగా రాలుతున్నాయి. రంగు కలిపి పూసి చూసింది. అచ్చంగా సరిపోయింది. మర్నాటికి ఆ పూతా పగిలింది.

ఆ ఏడు కన్వెన్షన్లో పాత బొమ్మలు బాగుచేసే ఆవిడకు చూపించింది.

"ఇది ఆగదండీ. ప్లాస్టిక్కే కుళ్ళిపోతోంది. మంచివాటిని వేరుగా పెట్టుకోండి, వాటికీ అంటుకుంటుంది."

"పన్నయితే కొత్తది చేసిచ్చేదాన్ని," అంది ఆమె.

టోపీతో చెప్పుకుందామని హాలంతా గాలించింది. రెండో రోజు, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ ఓ అమ్మాయి ఎదురొచ్చింది.

"పళ్ళ డాక్టరమ్మంటే మీరేనా ఆంటీ? నాన్న పోయి ఏడు నెలలైంది. మీ అసలు పేరేంటో ఇంట్లో ఎవరికీ తెలీదు. కబురెలా చెయ్యాలో తెలీక ఇక్కడికొచ్చా."

చేతిలో ఓ ఆల్బమ్ పెట్టింది. "ఇవి మీకే ఇవ్వమన్నాడు."

తెరవకముందే వాసన తెలిసింది. వద్దనలేక ఇంటికి తెచ్చుకుంది. తనవీ అతనివీ కలిపి రెండొందల పన్నెండు. చెడనివి ఏరితే పందొమ్మిది తేలాయి. వాటిలో అతనిది ఒక్కటీ లేదు.

"పారేయవే, ఇల్లంతా పులిసిపోయింది," అంది అక్క గుమ్మంలో నిలబడి.

ఆమె పందొమ్మిదింటినీ అక్క చేతికిచ్చేసి, మిగతావాటిని అతనివాటితో సహా బీరువాలో సర్ది తలుపేసింది.

మరుసటేడు మూడు రోజులకూ టికెట్టు కొంది. మొదటి రోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది.