కాలని ఎముక

వైశాఖం, మంగళవారం. నల్లా నీళ్లు పట్టాను. వాకిలి ఊడ్చి చల్లాను. రెండు దండేల బట్టలు ఆరేసి, మగ్గం పడుగుకు గంజి కాచాను. టీ తీసుకుని వెళ్లేసరికి మా అత్తమ్మ నిద్రలోనే పోయి ఉంది. చెయ్యి కుడి తుంటి మీద ఉంది, ఎవరినో లేవకుండా పట్టి ఉంచినట్టు.

మీలో ఎవరి పెట్టెలోనైనా గద్వాల చీర ఉంటే, దాని అంచు ఆమె చేతిదే కావచ్చు. నేను కోడలిగా వచ్చిన ఏడాదే ఇంటి లెక్క నాకు అప్పగించింది. "నీ చేతిల ఉంటె నాకు నిద్ర వడ్తది" అంది. మగ్గం మీద నేను పోగు తెంపితే తిట్టేది కాదు. పక్కన కూర్చోబెట్టుకుని అతికించేది. అతికిన చోటు వేలికి తగిలిందా, విప్పి మళ్లీ వేయించేది. ఈ రోజు నాకు ఏ పనైనా ఓపికగా చేయడం వచ్చిందంటే ఆమె చలవే.

నాలుగేళ్ల కింద ఆమె కుడి తుంటి ఎముకలో గడ్డ లేచింది. మగ్గం గుంతలోకి కాళ్లు దించలేకపోయింది. చెడిన ఎముక తీసేసి, ఆ చోట తొడ ఎముక తిరగడానికి ఆమె కొలతకే లోహపు గిన్నె చేయించి పెడతామన్నారు హైదరాబాదు దవాఖానలో. ఎలా చేస్తారో డాక్టరు చెప్పాడు. గాలంతా తీసేసిన పెట్టెలో టైటానియం పొడిని పలచగా పరుస్తారట. ఎలక్ట్రాన్ల కిరణం కావలసిన చోట మాత్రమే దాన్ని కరిగిస్తుందట. దాని మీద మళ్లీ పొడి, మళ్లీ కిరణం. అలా పొర మీద పొర చేరి గిన్నె లేస్తుంది. బయటివైపు జల్లెడలా సన్నని రంధ్రాలుంటాయనీ, వాటిలోకి సొంత ఎముక పెరిగి గిన్నెను పట్టుకుంటుందనీ అన్నాడు.

"గాలి లేని పెట్టెల పుట్టిందా సారూ? మరి నా ఒంట్ల దానికి ఊపిరాడుతదా?" అంది అత్తమ్మ.

డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"రేపు నన్ను కాల్చినప్పుడు?"

"చితి మంటకు అది కరగదమ్మా."

అత్తమ్మ నా వైపు చూసింది.

ఆపరేషనయ్యాక మళ్లీ మగ్గం ఎక్కింది. "పట్టుచీరెలు నేసి నేసి ఒక్కటి కట్టుకోలె. ఎవడో నేసిన తుంటి బొక్కను మాత్రం తొడుక్కున్న" అని వీధంతా నవ్వించింది. కానీ ఆ పక్కకు ఒత్తిగిలి పడుకునేది కాదు. చలికాలం పొద్దున కాలు బిగుసుకుంటే, "నాకన్న ముందుగాల అది లేసి కూసున్నది" అనేది. నవ్వుతూ అన్నట్టుండేది కాదు.

ఒక సాయంత్రం కండెలు చుడుతూ అడిగింది.

"అంత బూడిదైనంక అదొక్కటి మిగిలితె, నేను పోయినట్టా, పోనట్టా? నా బొక్కలల్ల దాన్ని కలపకు బిడ్డా. ఏరి పక్కకు పెట్టు. కొడుకులు తొందరవడ్తరు. నువ్వైతె నిమ్మలంగ చూస్తవు."

చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

దహనమైన మూడో రోజు బూడిద మీద పాలు చల్లి ఎముకలు ఏరడానికి మేమంతా వెళ్లాం. గిన్నె మధ్యలోనే ఉంది. అంచులు నీలంగా కమిలాయి, అంతే. చేతిలోకి తీసుకుని చూశాను. దాని రంధ్రాల నిండా తెల్లగా ఆమె ఎముక. డాక్టరు చెప్పినట్టే పట్టుకుంది. పిన్నీసుతో గుచ్చాను. పైపైన కొంత రాలింది. లోపలిది రాలేదు. ఎంత గుచ్చినా ఆమెనే గుచ్చుతున్నట్టుంది.

"ఏందమ్మా, ఇంకెంత సేపు?" అన్నాడు మా పెద్దబావ, ఆమె పెద్దకొడుకు.

"విడుస్తలేదు బావా."

"విడువనిదాన్ని నువ్వేం చేస్తవు? అట్లనే కుండల ఎయ్యి."

"కలపొద్దని చెప్పింది అత్తమ్మ. మాటిచ్చిన."

"మరి అమ్మను సగం ఇంటికి తీస్కపోతవా?"

పక్కన పెడితే ఆమె కొంత ఇక్కడే ఉండిపోతుంది. కలిపితే మాట తప్పుతాను. ఎండ నెత్తికెక్కింది. అందరూ నా చేతినే చూస్తున్నారు. కుండలో వేశాను.

అస్థులు కలపడానికి ఆమె పుట్టిల్లు రాజోలి వెళ్లాం. అక్కడ తుంగభద్ర ఎండలకు మోకాలి లోతుకు దిగింది. మా ఆయన నీళ్లలో నిలబడి కుండ వంచాడు. బూడిద సాగిపోయింది. ఎముకలు కొంచెం దూరం దొర్లి కనబడకుండా పోయాయి. గిన్నె మాత్రం పడ్డచోటే ఉంది. మా ఆయన కాలితో నెట్టబోయి, మళ్లీ ఏమనుకున్నాడో, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎనక్కి చూడొద్దు, నడువుండ్రి" అని పెద్దబావ అందరినీ గట్టు ఎక్కించాడు.

నేను చూశాను. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. అడుగున, రాళ్ల మధ్య, అది వెల్లకిలా పడి ఉంది. దాని రంధ్రాల్లోంచి ఆమె ఎముక పొడి తెల్లగా, సన్నగా, పొగలా లేస్తూనే ఉంది.