దీవెనమ్మకు వినబడిన బజరు

దీవెనమ్మ జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయా. ఫ్యాక్షన్ ముదిరిన ఆ ఏళ్లలో వీధిలో ఏదో ఒక పార్టీ జీపు కనబడితే చాలు, అంగళ్ల తలుపులు మూతపడేవి. ఆ వార్డులో మాత్రం రెండు వర్గాల ఆడవాళ్లూ పక్కపక్క మంచాల మీదే నొప్పులు పడేవాళ్లు. ఎవరు ఏ పార్టీ అని దీవెనమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఎన్నికల ప్రచారం సాగుతున్న ఒక సాయంత్రం ఆమె బస్టాండు పక్కన వంకాయలు బేరం చేస్తుండగా ఎవరి జీపు మీదనో నాటుబాంబు పడింది. ఆమెకు దెబ్బేమీ తగల్లేదు. చెవుల్లో మాత్రం చాలా రోజులు ఒకటే హోరు. అది తగ్గాక, మనుషుల మాటలు బాగానే వినబడుతున్నాయి కాబట్టి ఆ సంగతి మరిచిపోయింది.

మరుసటి ఏడు వార్డులో మంచానికొక మీట పెట్టి, ఆయాల గదిలో కొత్త బజరు బిగించారు. మొదటి రోజే చిక్కొచ్చింది. కమలమ్మ అనే బాలింత మీట నొక్కి నొక్కి, చివరికి గోడ పట్టుకుని నడిచి వచ్చింది.

“ఇంతసేపట్నుంచి నొక్కుతాంటే ఈడే కూర్చోనుండావు గదమ్మా?”

తోటి ఆయా వెళ్లి మీట నొక్కింది. గదిలో ఉన్నవాళ్లంతా తల తిప్పి చూశారు. దీవెనమ్మకు ఏమీ వినబడలేదు. ఇక పని మానుకోవాలేమో అనుకుంది.

బజరు బిగించిన మున్వర్‌కు ప్రొద్దుటూరులో రేడియోలు బాగుచేసే అంగడి ఉంది. సెలవు రోజున ఆమె బజరు విప్పించుకుని బస్సెక్కి అతని దగ్గరికి పోయింది.

“నా మాటలు ఇనపడ్తాండాయి గదక్కా? మరి ఇది?” అంటూ మోగించాడు.

“లేదప్పా.”

మున్వర్ ఇంకో రెండు బ్యాటరీలు కలిపాడు. ఎదురంగడి అతను చెవులు మూసుకున్నాడు గానీ దీవెనమ్మ తల అడ్డంగానే ఊపింది. మూత విప్పి, కరెంటును అదుపు చేసే రెసిస్టరు మార్చి చూస్తే మోత కాస్త గీరినట్టయి ఆగిపోయింది. చివరికి లోపలి బిళ్ల బయటికి తీశాడు. అది రూపాయంత ఇత్తడి బిళ్ల. మీద తెల్లటి పూత, దానికి మూడు సన్నటి తీగలు.

“కరెంటు పెంచితే గట్టిగా మోగుతాదంతే, శ్రుతి మారదు” అన్నాడు. “ఈ బిళ్ల ఎట్ల వణుకుతాదో, ఈ మూడో తీగ ఆ వణుకును మళ్లా బిళ్లకు కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టరుకు చేరేస్తాది. అది బిళ్ల చెప్పినట్టే నడుస్తాది. చిన్నదీ మందంగుండేదీ అయితే శానా సన్నగా కూస్తాది. ఎడల్పుదీ పల్చగుండేదీ అయితే దిగి పలుకుతాది. బిళ్లను యాడ అతికించినామో దాన్ని బట్టి గూడా మారతాది.”

“ఇంట్లో చెంచా పడితే నాకు తెలీదు మున్వరూ. పళ్లెం పడితే తెలుస్తాది” అంది దీవెనమ్మ.

“అట్లయితే నీ చెవిలో పోయింది పైశ్రుతేనక్కా.”

పాత డబ్బాలో వెతికి, అరచేతిలో సగం ఉండే పల్చటి బిళ్ల ఒకటి తీశాడు. దానికీ మూడు తీగలు అతికించి, అంచుకు బంక రాసి పెద్ద మూతలో అంటించి ఆరబెట్టాడు. ఆరేలోపు ఇద్దరూ టీ తాగారు. తర్వాత మీట నొక్కాడు.

దీవెనమ్మ గ్లాసు కింద పెట్టింది. “మోగుతాంది” అంది మెల్లగా. “ఇంగోసారి నొక్కు.” నొక్కాడు. ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది.

ఆ మోత బర్రె అరిచినట్టుందని వార్డులో వెక్కిరించారు. దీవెనమ్మ పట్టించుకోలేదు. రిటైరయ్యేదాకా ఒక్కరికీ ఆమె కోసం గోడ పట్టుకుని నడవాల్సిన పని పడలేదు.

ఆమె ఇంకా పనిలో ఉండగా, మళ్లీ ఎన్నికలు వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పగబట్టిన రెండు ఊళ్ల నుంచి ఇద్దరు గర్భిణులు వచ్చారు. ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు. ముందు ఎవరి దగ్గరికి పోవాలా అని దీవెనమ్మ రెండు మంచాల నడుమ నిలబడితే, ఈవైపు గర్భిణికి అత్త అయిన వెంకటసుబ్బమ్మ చెయ్యి ఊపింది.

“ఆ పిల్లకు నొప్పులు ఎక్కువగా ఉండాయి. ముందు ఆడికే పో. మా పిల్లను నేను చూసుకుంటా.”

పొద్దు గూకేలోపు రెండు మంచాల మీదా ఆడపిల్లలే పుట్టారు. దీవెనమ్మ ఇద్దరినీ తుడిచి, గుడ్డల్లో చుట్టి తల్లుల పక్కన పడుకోబెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది.